పెద్దవాళ్ల ఆలనాపాలనా ఒక్క చేతి పని కాదు!

"వయసు మీద పడిందమ్మా... ఇంక అంతే!"

పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ వినపడే మాట ఇది. నిన్నమొన్నటి దాకా పొద్దున్నే వెళ్లి పాలపాకెట్లు తెచ్చిన మామగారు ఇప్పుడు గేటు దాకా వెళ్లాలన్నా ఓపిక లేదంటారు. అత్తగారి జాకెట్లన్నీ వదులైపోతాయి. కుర్చీలోంచి లేవాలంటే అమ్మ రెండు చేతులూ ఆన్చి, "అమ్మయ్యా" అనుకుంటూ గానీ లేవలేదు. డెబ్భై దాటాక ఇవన్నీ మామూలేలే అని సరిపెట్టుకుంటాం. ఒకరోజు చిన్న జ్వరమో, నాలుగు విరేచనాలో అవుతాయి. అంతే, మనిషి మంచం దిగరు. జ్వరం తగ్గిపోతుంది, నడక మాత్రం తిరిగి రాదు.

అక్కణ్ణించి మొదలవుతుంది అసలు కథ. స్నానం, బట్టలు, మందులు, బెడ్‌పాన్, రాత్రిళ్లు మెలకువలు... ఇవన్నీ ఎవరి నెత్తిన పడతాయో వేరే చెప్పాలా? ఆ ఇంటి ఇల్లాలి నెత్తినే! ఇంటెడు చాకిరీ చేసుకుంటూనే ఆవిడ నర్సు అవ్వాలి, ఆయా అవ్వాలి, అర్ధరాత్రి డాక్టరు కూడా అవ్వాలి. ఇంత చేసినా, చూడడానికి వచ్చిన చుట్టాలు "అయ్యో, ఎంత చిక్కిపోయారో!" అని ఓ మాట అనేసి మరీ వెళ్తారు.

2011 జనాభా లెక్కల్లోనే మన దేశంలో అరవై దాటినవారు పది కోట్ల పైచిలుకు ఉన్నారు. అవతల కుటుంబాలేమో చిన్నవైపోయాయి. ఒక కొడుకు బెంగుళూరులో, ఒక కూతురు డల్లాస్‌లో ఉంటే, ఊళ్లో మిగిలినవారి మీదే మొత్తం భారం పడుతోంది. అందుకే ఈ విషయంలో రెండు సంగతులు ప్రతి ఇల్లాలికీ తెలిసి ఉండాలి. పెద్దవాళ్ల బలహీనతని ముందే కనిపెడితే చాలావరకు ఆపవచ్చు. ఇక, వాళ్లని చూసుకోవడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. సాయం అడగాలి, తీసుకోవాలి. ఆ సాయం ఎక్కడెక్కడ దొరుకుతుందో తెలుసుకోవాలి.

వయసా? బలహీనతా?

ఎనభై ఏళ్ల వయసులో పొలం గట్టు మీద చకచకా నడిచేవారున్నారు. అరవై అయిదుకే గోడ పట్టుకుని నడిచేవారూ ఉన్నారు. కాబట్టి అన్నిటికీ వయసునే తప్పుపట్టడానికి లేదు. ఒంట్లో నిలవ ఉన్న సత్తువ తరిగిపోయి, చిన్న జబ్బునైనా తట్టుకోలేని స్థితిని డాక్టర్లు 'ఫ్రెయిల్టీ' అంటారు. అమెరికా డాక్టరు లిండా ఫ్రీడ్, ఆమె తోటి పరిశోధకులు 2001లో దీన్ని గుర్తించడానికి ఐదు లక్షణాలు చెప్పారు. డాక్టర్లు ఇప్పటికీ వాటిని వాడుతున్నారు.

1. ఏ ప్రయత్నమూ చెయ్యకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలో, అంతకంటే ఎక్కువో బరువు తగ్గడం.
2. "ఏ పని చేద్దామన్నా ఓపిక లేదు" అని వారంలో చాలా రోజులు అనడం.
3. చేతి పట్టు సడలడం. సీసా మూత తిప్పలేకపోవడం, చెంబు జారిపోవడం లాంటివి.
4. నడక నెమ్మదించడం.
5. తిరగడం, పనులు చెయ్యడం బాగా తగ్గిపోవడం.

వీటిలో మూడో, అంతకంటే ఎక్కువో ఉంటే ఫ్రెయిల్టీ వచ్చినట్టే. ఒకటీ రెండూ ఉంటే అది గుమ్మం దాకా వచ్చిందని అర్థం. గుమ్మం దగ్గరే పట్టుకుంటే వెనక్కి పంపడం సులువు!

ఇంట్లోనే చేయదగ్గ ఒక చిన్న పరీక్ష కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ల కోసం సూచించిన పరీక్షల్లో ఇదొకటి. గట్టి కుర్చీని గోడకి ఆన్చి వెయ్యండి. పెద్దవాళ్లని అందులో కూర్చోమని, చేతులు గుండెల మీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోమనండి. మీరు పక్కనే నిలబడి గడియారం చూడండి. పధ్నాలుగు సెకన్లలో ఐదుసార్లూ పూర్తి చెయ్యలేకపోతే కాళ్లలో బలం తగ్గిందన్నమాట. డాక్టరుకి చూపించి కారణం కనుక్కోవాలి. రక్తహీనత, థైరాయిడ్, షుగరు, విటమిన్ల లోపం, దిగులు, పళ్లు సరిగ్గా లేకపోవడం... వీటిలో ఏదైనా కావచ్చు. వీటికి వైద్యం ఉంది. "వయసు" అని సరిపెట్టుకుంటే ఆ వైద్యం అందకుండా పోతుంది.

సగం వైద్యం వంటింట్లోనే

పెద్దవాళ్లు ఏం తింటున్నారో ఓ మూడు రోజులు కాగితం మీద రాసి చూడండి. పొద్దున్న కాఫీలో రెండు బిస్కట్లు, పదింటికి ఒక ఇడ్లీ, మధ్యాహ్నం నాలుగు ముద్దల చారన్నం, సాయంత్రం టీలో రస్కు, రాత్రికి గ్లాసు మజ్జిగ... చాలా ఇళ్లల్లో లెక్క ఇలాగే తేలుతుంది. కడుపు నిండినట్టే ఉంటుంది గానీ, కండకి కావలసిన మాంసకృత్తులు అందులో ఎక్కడున్నాయి?

వయసు పెరిగేకొద్దీ మాంసకృత్తులు తక్కువ చాలవు. నిజానికి ఇంకాస్త ఎక్కువే కావాలి. ఒంటి బరువులో ప్రతి కిలోకి రోజుకి ఒక గ్రాము నుంచి ఒకటీ పాయింట్ రెండు గ్రాముల దాకా తీసుకోమని పెద్దల ఆహారం మీద పనిచేసే నిపుణులు చెబుతున్నారు. అంటే యాభై కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. (మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.)

వంటింటి లెక్కలో చెప్పుకుంటే, ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. గ్లాసు పాలల్లో దాదాపు అంతే. ముప్ఫై గ్రాముల కందిపప్పులోనో, పెసరపప్పులోనో 7 గ్రాములు ఉంటాయి. గుప్పెడు వేరుశనగ గింజల్లోనూ దాదాపు అంతే. నమలలేకపోతే పొడి కొట్టి కూరలో చల్లండి. మాంసాహారులైతే మెత్తగా ఉడికిన చేప ముక్క అన్నిటికంటే సుఖం. పూటకి ఒకటైనా ఇలాంటిది కంచంలో పడేలా చూడండి. అంతా ఒక్క పూటే పెడదామంటే వాళ్లకి అరగదు.

"ఎంత చెప్పినా తినరండీ!" అంటారా? ముందు నోట్లో చూడండి. కట్టుడు పళ్లు వదులయ్యాయేమో, చిగుళ్లు పుండు పడ్డాయేమో! కొన్ని మందులకి నోరు ఎండిపోతుంది, రుచి తెలియదు. మలబద్ధకం ఉంటే ఆకలే వెయ్యదు. వీటన్నిటికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. అందరూ టీవీ ముందు కూర్చుని, పెద్దాయన కంచం గదిలోకి పంపించేస్తే ముద్ద దిగుతుందా? నలుగురితో కూర్చుంటే ఇంకో రెండు ముద్దలు ఎక్కువే తింటారు.

పెసర జావ ఇలా చేసి చూడండి

పెసరపప్పు రెండు గ్లాసులు, బియ్యం ఒక గ్లాసు విడివిడిగా దోరగా వేయించి, చెంచాడు జీలకర్ర కలిపి మెత్తటి రవ్వగా మిక్సీ పట్టి డబ్బాలో పోసుకోండి. కావలసినప్పుడు మూడు చెంచాల రవ్వని కొంచెం చన్నీళ్లలో కలిపి, మరుగుతున్న గ్లాసున్నర నీళ్లలో పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ మెత్తగా ఉడికించండి. దించాక చిటికెడు ఉప్పు, చెంచా నెయ్యి వేసి, గోరువెచ్చగా అయ్యాక అరగ్లాసు చిక్కటి మజ్జిగ కలపండి. తీపి ఇష్టమైతే మజ్జిగ బదులు పాలు, బెల్లం (షుగరున్నవాళ్లకి బెల్లం వద్దు). పళ్లు లేనివాళ్లు కూడా హాయిగా తాగుతారు. పదకొండు గంటల వేళ టీ రస్కుకి బదులు ఇది ఇచ్చి చూడండి.

మింగేటప్పుడు పొలమారుతున్నా, దగ్గు వస్తున్నా జాగ్రత్త. పడుకోబెట్టి ఏదీ పట్టించకండి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో కొంచెం కొంచెంగా పెట్టండి. తిన్నాక అరగంటైనా కూర్చోనివ్వండి. ఎప్పుడూ పొలమారుతుంటే డాక్టరుకి చెప్పాలి. తిండి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

"మీరు కూర్చోండి, నేను తెస్తాను" అనకండి

ప్రేమతోనే అంటాం ఈ మాట. కానీ వాడని కండ కరిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పది రోజులు మంచం మీద ఉంచి అమెరికాలో చేసిన పరిశీలన ఒకటి 2007లో వెలువడింది. ఆ పది రోజుల్లోనే కాళ్లలో దాదాపు కిలో కండ తగ్గినట్టు తేలింది! జబ్బుతో ఉన్న మనిషి సంగతి ఇక చెప్పాలా? అందుకే జ్వరం తగ్గగానే మెల్లగా కూర్చోబెట్టడం, నిలబెట్టడం, నాలుగడుగులు వేయించడం మొదలుపెట్టాలి.

రోజూ వేళకి కుర్చీలోంచి లేచి కూర్చోవడం పది సార్లు, వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం పది సార్లు, వరండాలో నాలుగు చుట్లు. ఇదే వాళ్ల వ్యాయామం. చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, బట్టలు మడతలు పెట్టడం, పూజకి పూలు కొయ్యడం లాంటివి వాళ్ల చేతికే వదిలెయ్యండి. ఆలస్యమైతే కానివ్వండి. ఆ పని వాళ్లకి బలమూ ఇస్తుంది, "ఇంట్లో నా అవసరం ఉంది" అన్న ధైర్యమూ ఇస్తుంది.

జారిపడడం అన్నిటికంటే పెద్ద శత్రువు. తుంటి ఎముక విరిగిందంటే మళ్లీ మునుపటిలా నడవడం చాలామందికి కష్టమే. స్నానాలగదిలో పాచి లేకుండా రోజూ రుద్దించండి. గోడకి పట్టుకునే కడ్డీ ఒకటి, కూర్చుని స్నానం చెయ్యడానికి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి చాలు. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న దీపం వెలగాలి. మడతలు పడే పట్టాలు, దారికి అడ్డంగా ఉండే వైర్లు తీసెయ్యండి. అరిగిపోయిన హవాయి చెప్పులు పారెయ్యండి. నిద్ర లేవగానే గబుక్కున నిలబడకుండా, మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని లేవమనండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

మాత్రలంటే గుర్తొచ్చింది. గుండె డాక్టరు నాలుగు, షుగరు డాక్టరు మూడు, మోకాళ్ల నొప్పికి మందుల షాపతను ఇచ్చినవి రెండు, నిద్రకి ఒకటి, పక్కింటావిడ చెప్పిన చూర్ణం ఒకటి... అన్నీ కలిసి కడుపులో ఏం చేస్తున్నాయో ఎవరికీ తెలియదు! ఆరు నెలలకోసారి ఇంట్లో ఉన్న మందులన్నీ ఒకే సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. "వీటిలో ఏవి తప్పనిసరి, ఏవి మానెయ్యచ్చు?" అని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి. ఏటా వేసే ఫ్లూ టీకా గురించీ, న్యుమోనియా టీకా గురించీ అప్పుడే అడగండి.

ఇంకో మాట. మొన్నటి దాకా బాగా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే, మనుషుల్ని గుర్తు పట్టకపోతే, పగలంతా మగతగా ఉంటే అది చాదస్తం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, కొత్త మందు పడకపోవడం... కారణం ఏదైనా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మంచాన పడితే

పూర్తిగా మంచానికే పరిమితమైతే పుండ్లు పడకుండా చూడడం మొదటి పని. కనీసం రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. మడమలు, తుంటి, నడుం కింది భాగం, మోచేతులు రోజూ వెలుతురులో చూడాలి. ఎర్రబడిన చోట గట్టిగా రుద్దకండి. అక్కడ ఒత్తిడి పడకుండా దిండు సర్దండి. గాలి పరుపు పనికొస్తుంది, కానీ గాలి పరుపు వేశాం కదా అని తిప్పడం మానకూడదు. తడి దుప్పటి వెంటనే మార్చాలి. తలుపు వేసి, దుప్పటి కప్పి ఒళ్లు తుడవండి. మంచాన పడ్డంత మాత్రాన మనిషికి సిగ్గూ బిడియమూ పోవు.

గడప దాటితే ఏ సాయం ఉంది?

చాలామందికి తెలియని భాగం ఇదే. ఒక్కొక్కటే చూద్దాం.

ప్రభుత్వ ఆసుపత్రులు: వృద్ధుల ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం 2010–11లో ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి పెద్దవాళ్లకి ప్రత్యేకంగా క్లినిక్ జరగాలి. జిల్లా ఆసుపత్రిలో వాళ్ల కోసం పది మంచాల వార్డు, ఫిజియోథెరపీ ఉండాలి. మంచాన పడ్డవాళ్లని ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వచ్చి చూడాలి. అన్ని చోట్లా ఒకేలా జరగకపోవచ్చు. అందుకే మీ ఆశా కార్యకర్తని, ఏఎన్ఎంని పిలిచి, "మా ఇంట్లో మంచాన ఉన్నవారున్నారు, పేరు రాసుకో తల్లీ" అని చెప్పండి. అడిగిన ఇంటికి ముందు వస్తారు.

ఉపశమన వైద్యం: దీన్నే పాలియేటివ్ కేర్ అంటారు. క్యాన్సర్ చివరి రోజులకే అనుకుంటారు గానీ, అది పొరపాటు. పక్షవాతం, తగ్గని నొప్పి, ఆయాసం, పుండ్లు ఉన్నవాళ్లకి కూడా ఇది ఉపయోగపడుతుంది. తెలంగాణలో 'ఆలన' పేరుతో వాహనంలో నర్సులు రోగుల ఇళ్లకి వెళ్లే ఏర్పాటు చేశారు. మీ జిల్లా ఆసుపత్రిలో "పాలియేటివ్ విభాగం ఉందా?" అని అడగండి.

ఆసుపత్రి ఖర్చు: 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్ పథకాన్ని డెబ్భై ఏళ్లు నిండిన అందరికీ, ఆదాయంతో పనిలేకుండా విస్తరించారు. ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం. ఆధార్ కార్డుతో 'వయ వందన' కార్డు తీసుకోవాలి. ఒక్కటి గుర్తుంచుకోండి. ఇది ఆసుపత్రిలో చేరితే వర్తించే పథకం. ఇంట్లో పెట్టుకునే ఆయాకీ, డయపర్లకీ ఇది రాదు. కార్డు ఒంట్లో బాగున్నప్పుడే చేయించి ఉంచండి. అంబులెన్సు వచ్చాక ఆధార్ కోసం బీరువా వెతుక్కోవడం ఎందుకు?

చేతికర్ర నుంచి చక్రాల కుర్చీ దాకా: 'రాష్ట్రీయ వయోశ్రీ' పథకం మన నెల్లూరులోనే 2017 ఏప్రిల్ 1న మొదలైంది. తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్లకి చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు, కట్టుడు పళ్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తారు. శిబిరాలు పెట్టి, ఎవరికి ఏం కావాలో చూసి ఇస్తారు. మీ ఊళ్లో శిబిరం ఎప్పుడో జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో కనుక్కోండి.

పింఛను: ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకి 4,000 రూపాయలైంది. పక్షవాతం లాంటివాటితో పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు చేశారు. తెలంగాణలో 2014లో మొదలైన ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలకి పెరిగింది. మంచాన పడ్డవారికి ఇచ్చే మొత్తం వేరుగా ఉందన్న సంగతి తెలియక మామూలు పింఛనుతోనే సరిపెట్టుకునేవాళ్లుంటారు. సచివాలయంలో అడగండి.

14567: పెద్దవాళ్ల కోసమే ఉన్న ఫోను నంబరు ఇది. 2017లో హైదరాబాద్‌లో తొలిసారి మొదలైన ఈ 'ఎల్డర్‌లైన్' 2021 నాటికి దేశమంతటికీ విస్తరించింది. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉచితంగా మాట్లాడతారు. పింఛను, ఆసుపత్రి, వృద్ధాశ్రమం వివరాలు చెబుతారు. ఇంట్లో హింస జరుగుతుంటే కల్పించుకుంటారు. ఒంటరిగా ఉన్నవాళ్ల గోడు వింటారు. నిలవలేని దిగులుంటే 14416 'టెలి మానస్'కి చెయ్యచ్చు. ప్రాణం మీదికి వస్తే 108 ఉండనే ఉంది. ఈ మూడు నంబర్లూ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

చట్టం: పట్టించుకోని పిల్లల నుంచి పోషణ ఖర్చు రాబట్టుకోవడానికి 2007 నాటి చట్టం ఉంది. ఆ చట్టం కింద ఏర్పడ్డ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. "చూసుకుంటాను" అన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాతని రద్దు చేయించుకునే వీలూ ఉంది. అయితే షరతు పత్రంలో స్పష్టంగా రాయించుకోవడం మంచిది. కోర్టు దాకా పోకముందే నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే మరీ మంచిది.

కేరళ వాళ్లు ఏం చేశారు?

1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్, వారి మిత్రులు కలిసి నొప్పి నివారణ కోసం ఒక సొసైటీ పెట్టారు. కొన్నేళ్లకి వాళ్లకి ఒక సంగతి అర్థమైంది. మంచాన పడ్డ మనిషి ఆసుపత్రికి రాలేడు, డాక్టరేమో ప్రతి ఇంటికీ పోలేడు. మరి ఎవరు చూడాలి? ఆ వీధివాళ్లే! వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లని చేర్చుకుని శిక్షణ ఇచ్చారు. గృహిణులు, రిటైరైన టీచర్లు, విద్యార్థులు, కూలి పని చేసుకునేవాళ్లు కూడా వచ్చారు. వీళ్లు ఇళ్లకి వెళ్లి పలకరిస్తారు, ఏం కావాలో కనుక్కుంటారు, నర్సుకి కబురు పెడతారు. ఇంట్లో బియ్యం లేకపోతే నలుగురినీ అడిగి తెస్తారు. ఊరివాళ్లు ఇచ్చే చిన్న చిన్న చందాలతోనే చాలా కేంద్రాలు నడిచాయి. మలప్పురం జిల్లాలో ఇది బాగా పాతుకుంది. 2008లో కేరళ ప్రభుత్వం దీన్నే తన విధానంగా తీసుకుని పంచాయతీలని కలుపుకుంది.

గమనించారా? అసలు బలం భవనాలది కాదు. వారానికి రెండు గంటల చొప్పున అందరి ఓపికనీ ఒకచోట కూడబెట్టారు, అంతే! పొదుపు సంఘంలో వారం వారం రూపాయి రూపాయి కూడబెట్టడం మన తెలుగు ఆడవాళ్లకి తెలియని విద్యా?

మన వీధిలో మనం

మీ అపార్ట్‌మెంటులోనో, వీధిలోనో, డ్వాక్రా గ్రూపులోనో ఓ అయిదుగురు కలిస్తే చాలు.

ముందు చుట్టుపక్కల బలహీనంగా ఉన్న పెద్దవాళ్లు, ఒంటరిగా ఉన్నవాళ్లు ఎవరెవరో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. పేరు, వాడే మందులు, చూసే డాక్టరు, పిల్లల ఫోను నంబరు ఉండాలి. రోజూ ఒకరు ఒక్కసారి తలుపు తట్టి, "బామ్మగారూ, కాఫీ తాగారా?" అని పలకరించాలి. ఎప్పుడూ తీసే వేళకి తలుపు తీయకపోతే వెంటనే ఆరా తియ్యాలి. మంచాన ఉన్నవారి ఇంటికి వారానికోసారి ఒకరు వెళ్లి రెండు గంటలు కూర్చుంటే, ఆ ఇంటి ఇల్లాలు గుడికో, బ్యాంకుకో, ఊరికే పార్కులోకో వెళ్లి వస్తుంది. శనివారం ఒక కూర ఎక్కువ వండి పంపించండి. కాలేజీ పిల్లలు ఆసుపత్రికి తోడు వెళ్తారు, ఫోనులో కార్డులూ కాగితాలూ చూసి పెడతారు. నెలకోసారి ఆశా కార్యకర్తని పిలిచి బీపీ, షుగరు చూపించండి.

డబ్బు లెక్కలు, ఏటీఎం కార్డులు, ఇంటి తాళాలు మాత్రం కుటుంబం చేతిలోనే ఉండాలి. ఇది ముందే అనుకుంటే మాటపట్టింపులు రావు.

చూసుకునే మనిషిని ఎవరు చూస్తారు?

ఇది ఎవరూ అడగని ప్రశ్న. రాత్రిళ్లు నిద్ర లేక, నడుం పట్టేసి, నలుగురిలోకి వెళ్లడం మానేసి, చిన్నదానికీ విసుక్కుని, విసుక్కున్నందుకు మళ్లీ తనే ఏడ్చుకునే ఇల్లాళ్లు ఎంతమంది లేరు! ఆ విసుగు చెడ్డతనం కాదు, అలసట. ఆవిడ కూలబడిపోతే మంచాన ఉన్న పెద్దావిడకి ఇక దిక్కెవరు?

అందుకే పని పంచాలి. పంచమని అడగడానికి మొహమాటపడకండి. "ఎవరూ చెయ్యి వెయ్యడం లేదు" అని నిష్ఠూరమాడితే గొడవే మిగులుతుంది. ఫలానా పని అని అడిగితే ఒప్పుకుంటారు. ఆడపడుచుతో, "వదినా, అత్తయ్యగారి పని నేను చూస్తున్నాను. నెలకి ఒక వారం నువ్వొచ్చి ఉంటే నేను కాస్త ఊపిరి తీసుకుంటాను" అనండి. విదేశాల్లో ఉన్న మరిదితో, "రాలేకపోయినా ఫరవాలేదు. ఆయా జీతం నువ్వు పంపించు. రోజూ సాయంత్రం అరగంట మీ అమ్మగారితో వీడియోలో మాట్లాడు" అనండి. భర్తతో, "రాత్రి పదింటి మందు, పక్కకి తిప్పడం మీవి" అనండి. కన్నతల్లికి ఒళ్లు తుడవడం కొడుక్కి చిన్నతనం ఎందుకవుతుంది? ఎవరైనా "ఏమైనా సాయం కావాలా?" అంటే "అబ్బే, ఏం లేదండీ" అనెయ్యకండి. "మంగళవారం పదింటికి గంటసేపు కూర్చుంటారా?" అని అక్కడికక్కడే అడిగెయ్యండి.

పెద్దవాళ్లని కూడా అడగండి. ఏ పూట స్నానం చేస్తారు, ఏ చీర కట్టుకుంటారు, ఎవర్ని చూడాలనుంది, జబ్బు ముదిరితే ఆసుపత్రికి వెళ్తారా, ఇంట్లోనే ఉంటారా... మాట్లాడగలిగినప్పుడే మాట్లాడించండి. వాళ్ల గురించి వాళ్ల ముందే మూడో మనిషిలా మాట్లాడుకోవడం కంటే పెద్ద అవమానం ఉండదు.

ఈ వారం మూడు పనులు చెయ్యండి చాలు. కుర్చీ పరీక్ష చేసి చూడండి. మందులన్నీ ఒక సంచిలో వెయ్యండి. పక్కింటి తలుపు తట్టి, "మీ ఇంట్లో పెద్దవాళ్లెలా ఉన్నారు?" అని అడగండి. రేపు ఆవిడే వచ్చి మీ తలుపు తడుతుంది, "నేను కూర్చుంటాలే, నువ్వు కాసేపు నడుం వాల్చు" అంటూ!